మిరప గింజల కొసరు

పరిశోధనకు కొనే విత్తనం మీద కూడా కొసరు పెట్టించుకున్న ఘనుణ్ణి నేను. మా ల్యాబులో అంతకు ముందు ఎవరికీ చేతకాలేదు, తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు.

నాచారంలో మాది కిరాణా దుకాణం. ఒక పక్క బట్టల కొట్టు, ఇంకో పక్క గిన్నెల కొట్టు. కొసరు అడగకుండా కొని ఇంటికొస్తే మా అమ్మ నుదురు ముట్టుకుని జ్వరముందేమో చూసేది.

ఆ రోజుల్లో నేను దగ్గర్లోని ల్యాబులో సహాయకుణ్ణి. మేం అక్క అని పిలిచే సీనియర్ ఒకామె మిరప క్రోమోజోముల పటం గీస్తుండేది. మిరప కణంలో పన్నెండు జతల క్రోమోజోములుంటాయి. అయిదు రకాల డీఎన్ఏ ముక్కలకు మెరిసే రంగు కట్టి, ఏ ముక్క ఏ క్రోమోజోము మీద ఎక్కడ కూర్చుందో ఆమె గుర్తించాలి. పొద్దున్నే మొలకల వేరు చివర్లు కోసి, మందులో నానబెట్టి, గాజు స్లైడు మీద బొటనవేలితో నొక్కడం నా వంతు. ఆమె ఫెలోషిప్ ఇంకో ఏడు నెలలే ఉంది. ఆలోగా పటం గీసి థీసిస్ ఇవ్వాలి.

అంతలో విత్తనం అయిపోయింది. మళ్లీ తెప్పించాలంటే ఉత్తరాలు, సంతకాలు, నెల రోజులు. అదే రకం ఉప్పల్‌లోని విత్తనాల కొట్లో దొరుకుతుందని నేనే బస్సెక్కాను.

"జర పైన వెయ్యి సేటు," అన్నాను, తూకం అయ్యాక.

"విత్తనాలకు కొసరేంది బావా, కొత్తిమీర గొంటున్నవా?" అంటూనే అతను పక్క సంచిలోంచి చిటికెడు తీసి నా పొట్లంలో వేశాడు.

తర్వాత ఒకే ముక్కకు కొన్ని స్లైడుల్లో నాలుగు చుక్కలు మెరిశాయి, కొన్నింట్లో ఆరు. ఒకే రకం విత్తనమైతే అన్నింట్లో ఒకే లెక్క రావాలి. అక్క ముందు తన కళ్లను అనుమానించింది, తర్వాత రంగును, ఆఖరికి నా బొటనవేలిని.

"జర మెల్లగ ఒత్తు తమ్మీ. పిండి పిసుకుతున్నవా ఏంది?"

మెల్లగా ఒత్తినా అంతే. చేసిందే మళ్లీ మళ్లీ చేశాం. బంద్ రోజుల్లో బస్సుల్లేకపోతే ఆమె ఉప్పల్ నుంచి నడిచి వచ్చేది. వేరు కోసే వేళ దాటితే క్రోమోజోములు కనబడేలా విభజనలో ఉన్న కణాలు దొరకవు మరి.

మూడో నెలలో, కుండీల్లోకి మార్చిన మొక్కలకు నీళ్లు పోస్తుంటే, కొన్నింటి కణుపుల దగ్గర ఊదా రంగు కనబడింది. మిగతావి పచ్చగానే ఉన్నాయి. సేటు కొసరు వేసింది పక్క సంచిలోంచని, అది వేరే రకమని అప్పుడు తట్టింది. తప్పు సేటు మీదికి తోసెయ్యొచ్చు. అలా తోయడం నాకు బాగానే వచ్చు. కానీ అక్క అప్పటికే తన చేతులనే నమ్మడం మానేసింది. వెళ్లి ఉన్నదంతా చెప్పాను.

అక్క అడిగింది: "ఏ స్లైడు ఏ మొక్కదో రాసినవా?"

"లేదక్కా. అన్నీ ఒకటే పొట్లంలయి గదా అని..."

"మంచి బేరగానివే," అని మైక్రోస్కోపుకు ముసుగు వేసింది. ఆ మధ్యాహ్నమే అసలు విత్తనం కోసం ఉత్తరం రాసింది.

నా బేరం లెక్క ఇది. పారేసిన స్లైడులు నూట నలభై. అక్క పొద్దులు మూడు నెలలవి, కొత్త విత్తనం కోసం చూసినవి ఇంకో నెలవి. అయిదు ముక్కల్లో మూడింటికే పటం అయింది. రెండు గళ్లు ఖాళీగానే థీసిస్ వెళ్లింది. నాకు మిగిలింది చిటికెడు మిరప గింజలు. వాటిలోనూ సగం మొలవలేదు.