చితి దేనికి ప్రతీక?

మా జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో, పందొమ్మిదేళ్ల వితంతువుగా, కరీంనగర్‌లో టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్షకు వెళ్లాను. సీటొస్తే హాస్టల్లో ఉండవచ్చు. రాకపోతే నాకు గుండు చేయించాలని ధర్మపురిలో అత్తవారు కాచుకొని ఉన్నారు.

మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, భర్త చితిని కావ్యనాయిక ఎక్కే పద్యం చదివి, "చితి దేనికి ప్రతీకమ్మా?" అన్నాడు.

పాతివ్రత్యానికని బట్టీపట్టిన జవాబు నాలుక మీదే ఉంది. ఇంతలో ఆయన నా బోసి నుదురు చూసి నవ్వాడు. "ఆమె చితి ఎక్కింది. నువ్వేమో పరీక్షకొచ్చినవ్!"

పక్కనున్న ఇద్దరు పరీక్షకులూ నవ్వారు.

"పద్యం రాసినాయన చితి ఎక్కలే గద సార్. ఆయనకు ప్రతీకనే. ఎక్కినామెకు నిప్పు" అన్నాను.

"ఇగ నువ్వు పో" అన్నాడాయన.

బయట జరిగింది చెబితే బాపు తల పట్టుకున్నాడు. "గా ఒక్క మాట చెప్తే ఏం పోతుండె బిడ్డా?"

సీటు రాలేదు. కొద్దిరోజులకే గోదావరి ఒడ్డున నన్ను మంగలి ముందు కూర్చోబెట్టారు.

తర్వాత ఎదురుతిరిగి జుట్టు పెంచుకున్నాను. ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆడదాన్ని కాల్చి, ఆ మంటలో అందం వెతకమనే చదువును నేను చదువనను.