తట్టి చూసే మనిషి

అండమాన్‌లో నాతోపాటు స్కూబా డైవింగ్ అడ్వాన్స్‌డ్ కోర్సు చేసినాయన బేతంచెర్లలో బండల వ్యాపారి. నాది కడప అనగానే "మనోళ్ళే కదప్పా" అని పక్కన చేరాడు. దేన్నయినా వేలి కణుపుతో తట్టి వినడం ఆయన అలవాటు. బండలో పగులుంటే మోత మారుతుందట. గాలి సిలిండర్‌ను రోజూ తట్టి, "మోగుతాంది, మంచిదే" అనేవాడు. పడవనూ తట్టాడు. కోచ్ తలను మాత్రం వదిలేశాడు.

కోర్సులో ఒక అంశం మనమే ఎంచుకోవాలి. మేమంతా చేపల ఫోటోలు తీయడం ఎంచుకున్నాం. ఆయన మాత్రం, మునిగిన వస్తువును వెతికి పైకి తేవడం ఎంచుకున్నాడు.

"చేపలు వద్దా అన్నా?" అన్నాను.

"మా గనిగుంత నీళ్ళలో చేపల్లేవప్పా. పోయినేడు మా కూలాయన అందులో పడె. మునిగేటోళ్ళు యాడ్నుంచో వచ్చేలోపల మూడు దినాలాయ. ఆయప్ప పెండ్లాం గట్టు మీదనే కూచోనుండె. ఇంకోసారి ఎవరన్నా పడితే నేనుండాల."

పరీక్షరోజు కోచ్ ఒక సీసపు దిమ్మెను సముద్రం అడుగున దాచి, తాడు కట్టి గాలిసంచితో తేల్చమన్నాడు. ఈయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, గుండెకు ఆనించుకుని పైకొచ్చాడు. పద్ధతి తప్పు, మళ్ళీ చేయాలన్నాడు కోచ్.

ఆయన దిమ్మెను పడవలో మెల్లగా పడుకోబెట్టాడు. తట్టి చూడలేదు.