అత్తగారి దండ నా మెడలో

అనకాపల్లిలో పేరున్న ఆడవాళ్ళ గురించి పుస్తకం రాస్తున్నానంటూ కశింకోట నుంచి ఒక కాలేజీ అమ్మాయి ఈ రోజు మా ఇంటికి వచ్చింది. బెల్లం మార్కెట్లో మగవాళ్ళ మధ్య నిలబడి వేలం పాడిన మా అత్తగారి సంగతి ఎవరో చెప్పారట. పోయిన మనిషికి ఇన్నాళ్ళకు పేరొస్తుందని సంబరపడి, నాకు తెలిసిందంతా చెప్పాను. గోడ మీద దండతో ఉన్న ఆవిడ ఫొటోను అమ్మాయి సెల్లులో తీసుకుని, చూసి నవ్వింది.

“మామ్మగారూ, ఫొటో అద్దంలో మీ మొకం కూడా పడిందండి. దండ మీకే ఏసినట్టుంది.”

గబుక్కున సెల్లుకు చెయ్యి అడ్డం పెట్టాను.

“తుడిపెయ్ తల్లీ. మొన్ననే బీపీ మాత్ర మార్చేరు. బతికుండగానే దండేసి పుస్తకంలోకి ఎక్కించేత్తావేటి?”

“అయితే పక్కకి జరగండి, ఇంకోటి తీత్తాను.”

జరిగాను గానీ, అద్దాన్ని నమ్మలేక దండ కూడా తీసేశాను. ఫొటో చక్కగా వచ్చింది.

అమ్మాయి వెళ్ళాక చూస్తే, దండ లేని అత్తగారు కాఫీ ఇంకా రాలేదేమని అడుగుతున్నట్టే ఉన్నారు. భయమేసి పాత దండ మళ్ళీ వేసి, దాని మీద కొత్తది కూడా వేసేశాను. ఒకే ఫొటోకు రెండు దండలు వేస్తే దోషం ఉందా? తెలిసినవాళ్ళు కాస్త తొందరగా చెప్పండి, నాకు నిద్ర పట్టాలి.