కొంగు ఎక్కిన మెట్లు

ఇప్పుడు మెట్రో స్తంభాల నీడ పడింది గానీ, నా ఇరవయ్యేళ్లప్పుడు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఎండ ఎంత కావాలంటే అంత దొరికేది. దొరకనిదల్లా మా కొట్లోనే. (నేను చెప్పేది రాస్తున్నవా బిడ్డా? అక్షరాలు జర పెద్దగ రాయి, మల్ల నేను సదువుకోవాలె.) మాది సెల్లార్‌లో చీరల కొట్టు. పన్నెండు మెట్లు దిగితే పట్టపగలు కూడా ట్యూబులైట్లే. నేనేమో పోచంపల్లి వైపు మగ్గం ఇంటి పిల్లని. రంగుల సంగతి నాకొకరు చెప్పాలా అని మహా పొగరు. ఆ పొగరుతోనే నీలం అని చెప్పి ఒకావిడకు చీర అమ్మాను. మర్నాడే తిరిగొచ్చి, “ఏందమ్మా, ఎండల జూస్తే వంకాయ రంగున్నది! నిశ్చితార్థానికి నీలం అడిగితే వంకాయ అంటగడ్తవా?” అని చీర నా ముందు పడేసింది. ఆ నెలలో నా చేతి మీదుగా వాపసొచ్చిన మూడో చీర అది. “ఇంకొక్కటి వాపసొస్తే నువ్వు ఇంట్లనే ఉండు,” అన్నాడు సేటు. (మా యజమానిని అందరం సేటనే పిలిచేవాళ్లం.) పట్నంలో ఉద్యోగానికి మా నాయనను ఎంత బతిమాలి ఒప్పించానో నాకే తెలుసు. అది పోతే మళ్లీ ఊరే గతి.

నాకొక ఉపాయం తోచింది: రంగును ఎండలోనే చూపిస్తే సరి. ఒకావిడనూ, ఆమెకు నచ్చిన చీరనూ వెంటబెట్టుకుని రోడ్డెక్కాను. చీర విప్పానో లేదో నలుగురు చేరి ధర అడగడం మొదలుపెట్టారు. ఫుట్‌పాత్ మీద నైటీలు అమ్మే ఆవిడ లేచి, “ఏయ్ పిల్లా, గిది నా జాగ! నీ దుకాణం ఇంకోతాన పెట్టుకో,” అని నా జబ్బ పట్టుకుంది. ఆ గుంజులాటలో ఎవరి మిర్చిబజ్జీ చట్నీయో అంచుకి అంటుకుంది. సేటు అరిచాడు, “ఇగ చీర గడప దాటొద్దు. దాటిందో, నువ్వు కూడ దాటుడే!”

చీర బయటికి పోకూడదు, ఎండ లోపలికి రాదు. నేను మూల కూర్చుని ముక్కు చీదుకుంటుంటే చీరలు మడతపెట్టే పెద్దావిడ దగ్గరికొచ్చింది. మేం ఆమెను మడతక్క అనేవాళ్లం. చదువు లేదు, మాట తక్కువ.

“ఏడ్సుడు ఆపి నాకొకటి చెప్పు. చీర మడత పెట్టేటప్పుడు నేను కింద నిలబడ్త, నువ్వేమో జాగ లేక మెట్లెక్కుతవు. యాడిదాంక పోతవ్?”

“పై మెట్టుదాంక.”

“ఆడ ఏముంటది?”

“ఏముంటదక్కా, ఎండ...” అంటూనే ముక్కు తుడుచుకుని లేచాను.

ఆ మధ్యాహ్నమే, కోస్తా నుంచి వచ్చి పట్నంలో స్థిరపడ్డ ఒకావిడ ఒక చీర చూసి, “ఇది అసలు ఏ పచ్చండీ?” అని అడిగింది. చీర ఒక కొస పట్టుకుని మడతక్క మెట్ల కింద, గడప లోపలే బండలా నిలబడింది. కొంగు పట్టుకుని నేను, నా వెనకాల ఆవిడ, మెట్లెక్కాం. ఎండ తగలగానే చిలకపచ్చ భగ్గుమంది. “అబ్బ, ఇదేనండీ నేను వెతుకుతోంది!” అంటోందావిడ. సేటు పరుగెత్తుకొచ్చాడు. “చీర గడప దాటొద్దన్ననా లేదా?”

మడతక్క తన చేతిలోని కొస ఎత్తి చూపింది. “చీర కొట్లనే ఉన్నది సేటూ. కొంగొక్కటే పోయింది.”

సేటు పైకీ కిందికీ నాలుగుసార్లు చూసి, తిరిగి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు. బల్బు మార్చింది లేదు, గోడ పగలగొట్టింది లేదు, చీర ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయమూ లేదు. పెద్ద ఇంజనీరును పిలిచినా ఇంత చక్కగా చెప్పేవాడు కాదు. ఆ తర్వాత రంగు తేడా అని నా దగ్గరికి ఒక్క చీరా తిరిగి రాలేదు, నేనూ ఊరికి తిరిగి పోలేదు.

అక్క పని మానేశాక ఆ కొట్లో నేనే పెద్దదాన్నయ్యాను. కొత్తగా చేరిన ఆడపిల్లలకు మెట్ల పాఠం చెబితే, “ఎంత తెలివి మేడం మీది!” అనేవాళ్లు. నేను కాదనేదాన్ని కాదు. కొంగు సర్దుకుని నవ్వేదాన్ని. (నువ్వు నవ్వకు, రాయి.) ఆ తెలివంతా మడతక్కది. అందులో నా వంతు ఏడుపొక్కటే.