కార్తీక సోమవారం, చెంబెడు నీళ్లు

ఈ రోజు కార్తీక సోమవారం. కైకలూరులో మా పెద్దత్తగారింట్లో, ఉపవాసంలో ఉండి కూడా అందరి ముందూ చెంబెడు నీళ్లు తాగాను.

"చుక్కలు కనబడేదాకా ఆగలేవుటమ్మా? మా రోజుల్లో ఉమ్మి కూడా మింగేవాళ్లం కాదు!" అన్నారావిడ.

నా జబ్బు సంగతి చెప్పాను. మెదడు నుంచి ఒక హార్మోను వస్తేనే కిడ్నీ కణాల లోపలి పోగుల అల్లిక సడలుతుంది. అప్పుడు నీటి ద్వారాలు కణం అంచుకు చేరి, నీటిని ఒంట్లోకి వెనక్కి తీసుకుంటాయి. నాకు ఆ హార్మోను చాలినంత రాదు. నీళ్లు మానేస్తే ఒళ్లెండి పడిపోతాను.

"శివుడి కోసం ఒక్కపూట ఓర్చుకోలేవూ?"

"పొద్దున్నుంచీ ఆయనకి బిందెలకొద్దీ పోశాం కదండీ. నా చెంబుకి ఆయనేం అలగరు లెండి," అని ఇంకో చెంబు తాగాను.

వచ్చే సోమవారమూ ఇంతే. నాది ఉపవాసం కాదనేవాళ్లు కింద రాయండి. మంచినీళ్లు తాగొచ్చి జవాబిస్తాను.