చెయ్యి వణకకముందే

ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఆ షెడ్డులో రైలుపెట్టెను పైకెత్తాలంటే రెండు క్రేన్లు కావాలి. చెరో కొస పట్టుకుని ఇద్దరు డ్రైవర్లూ ఒకేసారి లేపాలి, ఒకేసారి దించాలి. వాటిలో ఒక క్రేను సత్యవాణిది. షెడ్డు కప్పు కింద, ఇనుపనిచ్చెన ఎక్కితే వచ్చే ఆ కేబిన్‌లో ఒకప్పుడు ఆమె తండ్రి నూకయ్య కూర్చునేవాడు. ఆయన పోయాక వచ్చిన ఉద్యోగమే ఇది. ఆడదానికి అంత ఎత్తెందుకని మొహం మీదే అన్నవాడు బుజ్జిబాబు, రెండో క్రేను డ్రైవరు. పేరుకే బుజ్జిబాబు గానీ ఆ మీసం చూస్తే పసిపిల్లలు జడుసుకుంటారు. తొమ్మిదేళ్లుగా సత్యవాణి ఒక్క పెట్టె మీదైనా గీత పడనివ్వలేదు. దాంతో ఆయన నోరైతే మూతపడింది, మనసు మాత్రం మెత్తబడలేదు.

ఆమె తల్లి అండాశయాల క్యాన్సర్‌తో పోయింది. అక్క రాధారాణీ దానితోనే పోయింది. ఆ ఏడాదే సత్యవాణి జన్యుపరీక్ష చేయించుకుంటే, ఆ జబ్బు తెచ్చే జన్యుదోషం తనలోనూ ఉందని తేలింది. అప్పటికామెకు నలభై రెండేళ్లు. "వచ్చినదాకా కూకోను, తీసియ్యండి" అని డాక్టరమ్మతో తనే చెప్పింది. అండాశయాలూ, వాటి నాళాలూ తీసేశారు. భర్త గిరిబాబు ఏడ్చాడు, ఆమె ఏడవలేదు.

నెలసరి ఆగడంతో సరిపోతుందనుకుంది పాపం. ఏళ్ల తరబడి నెమ్మదిగా రావలసిన ముట్లుడిగే బాధలన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మొహమంతా పాకేది, జాకెట్టు తడిసి ముద్దయ్యేది. నిద్ర కరువైంది. డాక్టరమ్మ అడిగితే బాగానే ఉన్నానంది. అడిగి మరీ చేయించుకున్న ఆపరేషనాయె, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటుంది? వర్క్‌షాపులో అసలే చెప్పలేదు. చెబితే కిందికి దింపి కాగితాల దగ్గర కూర్చోబెడతారు. ఆ కేబిన్ పోతుందన్న భయం ఆమెను రోగభయం కన్నా ఎక్కువ పీడించింది.

మే నెల. పెట్టె గాల్లో ఉంది. కింద, దాన్ని దించాల్సిన చక్రాల పక్కన నలుగురు నిలబడి సరిచూస్తున్నారు. సరిగ్గా అప్పుడే సెగ లేచింది. లీవరు మీద వేళ్లు చెమటకు జారుతున్నాయి. ఇంకో అరనిమిషం బిగబట్టుకుంటే దించేయొచ్చు, ఎవరికీ తెలియదు. సత్యవాణి గంట కొట్టి క్రేను ఆపేసింది. దాంతో రెండో క్రేనూ ఆగక తప్పలేదు.

"ఏటయినాది? ఎందుకాపినావు?" అని బుజ్జిబాబు అటునుంచి అరిచాడు.

ఆమె తడిగుడ్డ మెడకు చుట్టుకుని, నీళ్లు తాగి, సెగ పూర్తిగా దిగేదాకా కూర్చుంది. మూడు నిమిషాలు పెట్టె కదలకుండా వేలాడింది. తర్వాత మళ్లీ గంట కొట్టి దించితే చక్రాల మీద ఒక్కసారికే కుదిరింది.

కింద ఇంజినీరు ఉమాశంకర్ ఎదురుచూస్తున్నాడు. "ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?"

చుట్టూ ఇరవైమంది మగాళ్లు. తలనొప్పి అంటే సరిపోయేది. సిగ్గుతో చచ్చిపోతూనే నిజం చెప్పింది.

"కేన్సర్ రాకుండా అండాశయాలు తీయించుకున్నాను సార్. దానివల్ల ఒల్లంతా సెగలొస్తన్నాయి. సెయ్యి వణకలేదు. వణక్కముందే ఆపినాను."

కొందరు తమ బూట్లకేసి చూసుకున్నారు. రైల్వే డాక్టరు సరేనన్నాకే క్రేను ఎక్కాలన్నాడు ఉమాశంకర్. అది ఆమె భయపడిన మాటే. అయినా ఈసారి డాక్టరమ్మకు దేన్నీ దాచలేదు. మొదట్లోనే చెప్పొద్దా అని ఆవిడ చివాట్లు పెట్టి, పరీక్షలు చూసి, హార్మోను మందు రాసింది. కొన్ని వారాలకు సెగలు పలచబడ్డాయి, కంటికి నిద్ర వచ్చింది. రైల్వే డాక్టరూ సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చిన రోజు పొద్దున్న పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి ఉమాశంకర్ అన్నాడు: "ఎవులికైనా ఒంట్లో బాగోలేకపోతే ఎక్కకముందే సెప్పండి. ఈవిడ అందరి ముందూ సెప్పలేదా?"

 బుజ్జిబాబు చెయ్యెత్తాడు.

"నాకు సుగరు సార్. మొన్న పైనుండగా కల్లు తిరిగినాయి. సెప్పనేదు." సత్యవాణి వైపు తిరిగాడు. "నీకున్న దైర్నం నాకు లేకపోయినాది సెల్లీ."

ఆ రోజు రెండో క్రేను వేరొకరు ఎక్కారు. సత్యవాణి తన నిచ్చెన ఎక్కింది. కేబిన్‌లో కొత్త ఫ్యాను బిగించి ఉంది. నాన్న కూర్చున్న చోట కూర్చుంటే గర్వంతో ఆమె గుండె నిండిపోయింది.

గంట కొట్టింది. పెట్టె లేచింది.