గుహలో ఎవరూ లేరని చెప్పాను

మినోకుర దీవిలో మేము దిగింది ఉదయం ఆరు నలభైకి. వాన. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. రేవు చెక్కలు నాచు పట్టి జారుతున్నాయి. ఒక్కొక్కరి వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు: తూటాలు, వాన కోటు, రెండు నీళ్ల సీసాలు, మూడు రోజుల పొడి తిండి. చేతిలో రైఫిలు. రేవు నుంచి చౌకీకి రెండున్నర కిలోమీటర్లు, అంతా ఎత్తే. గంటా పది నిమిషాలు పట్టింది.

దారి పొడవునా ఇళ్లు. తలుపులు మూసి ఉన్నాయి. పొయ్యిల పొగ మాత్రం పైకి లేస్తోంది. ఒక్క మనిషి బయటికి రాలేదు.

ఆ దీవిని పట్టుకున్నది సముద్రం అవతలి దేశం. మేము ఆ దేశస్థులమూ కాదు. కాపలాకి వాళ్లు ఒప్పందం మీద తెచ్చుకున్న సైనికులం. నేను పుట్టింది సూరత్‌లో, గోడాదరాలో. మా నాన్న పవర్‌లూమ్ మీద పనిచేసేవాడు. నేను పదిహేనేళ్లు మన ఫౌజులో ఉండి వచ్చాను. హజీరాలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం. అక్కడ కూర్చోలేకపోయాను. మళ్లీ యూనిఫాం వేసుకోవాలనిపించింది. సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఇది ముందే చెప్పాలి.

మాది మూడో చౌకీ. అంతకుముందు అది బడి. నల్లబల్ల మీద డ్యూటీ గంటలు రాసుకునేవాళ్లం. ఏడుగురం, పైన ఒక కెప్టెన్. రేడియో ఆపరేటర్‌ది కూడా గోడాదరాయే, మగ్గాల ఇంటివాడే. మొదటి రోజే తడిసిన బూట్లు విప్పుతూ అడిగాడు.

"అన్నా, గీ దీవిల మనకేం పని? జర నువ్వన్న చెప్పు."

"షినోబీలను పట్టుకోవాలట."

"ఎట్లుంటరట వాళ్లు? నల్లబట్టలేసుకొని గోడలు దుంకుతరా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నింజాల గురించి మాకు తెలిసింది టీవీలో చూసినంతే.

నాలుగు నెలలు గడిచినా నల్లబట్టల వాడు ఒక్కడూ కనబడలేదు. తాగునీటి పైపులో ఇసుక వచ్చేది. జీపు టైర్లలో గాలి పోయేది. దీవివాళ్లు మాకు అమ్మిన పటంలో రాళ్లు లేవని ఉన్నచోట పడవ అడుగు చిరిగేది. మా మీద ఒక్క తూటా పేలలేదు. ఎవరు చేశారో తెలిసేది కాదు. పొద్దున్నే చేపల బుట్టలతో ఆడవాళ్లు గేటు ముందు నుంచి వెళ్లేవారు. నేను బుట్టలు వెతికేవాడిని. చేపలే ఉండేవి.

చౌకీకి దుబాసీగా హారు అనే ఆవిడ వచ్చేది. అరవై దాటిన మనిషి. పొద్దున ఎనిమిదికి రావడం, సాయంత్రం నాలుగుకి వెళ్లడం. ఆ బడిలోనే ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిందని తర్వాత తెలిసింది. తను పాఠం చెప్పిన గదిలోనే మూలన ఒక కుర్చీ వేసుకుని మా ప్రశ్నలు తన వాళ్లకీ, వాళ్ల జవాబులు మాకూ చెప్పేది. నాతో మాట్లాడేది ఇంగ్లీషులో, చిన్న చిన్న మాటల్లో.

మధ్యాహ్నం రెండు తర్వాత గేటు దగ్గర పని ఉండేది కాదు. ఒకరోజు నేనే అడిగాను, షినోబీలంటే ఎవరని.

"నీకెందుకు?" అంది.

నిజమే చెప్పాను. మా తాత ఊరు తెలంగాణలో ఎక్కడో నాకు తెలియదు. మా నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరి చరిత్రైనా వినాలని ఉంది.

 "మీ నాన్నకి చెవులు బాగా వినపడేవా?" అని అడిగింది. మగ్గాల చప్పుడు గురించి ఇంతకుముందు చెప్పి ఉన్నాను.

"చివర్లో వినపడేవి కాదు."

"మా అక్కకీ వినపడవు," అంది.

ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. దీవిని పట్టుకున్నవాళ్లలో మేము నాలుగోవాళ్లమట. మొదటివాళ్లు గంధకం కోసం వచ్చారు. తర్వాతివాళ్లు రేవు కోసం. ప్రతిసారీ షినోబీలు ఉన్నారు. వాళ్లు ఉప్పు వండేవాళ్లు, వలలు అల్లే ఆడవాళ్లు, ఉత్తరాలు మోసేవాళ్లు. వల ముడుల్లో కబుర్లు పంపేవారు. వచ్చినవాడికి దీవి మీద ఒక్క పనీ సవ్యంగా జరగనిచ్చేవారు కాదు. వాడికే విసుగు పుట్టి పోయేదాకా.

"కత్తులు లేవా?" అన్నాను.

"మా భాషలో ఆ మాటకి రెండు అర్థాలు. దాక్కోవడం, ఓర్చుకోవడం. కత్తి లేదు."

ఇంకో మధ్యాహ్నం గుహ సంగతి చెప్పింది. దీవికి ఉత్తరాన కొండ కింద. అమావాస్యకి అటూ ఇటూ రెండు రోజులు ఆటుకి నీళ్లు బాగా తగ్గినప్పుడే దాని నోరు తెరుచుకుంటుంది. లోపల నేల ఎత్తు, పోటు నీళ్లు అంతవరకూ రావు. పరాయివాళ్లు వచ్చిన ప్రతిసారీ ముసలివాళ్లనీ, విత్తనాలనీ అక్కడ దాచేవారు. తన అవ్వకి అవ్వ అక్కడే పుట్టిందని చెప్పింది. పాత కథలా చెప్పింది. నేనూ అలాగే విన్నాను.

వారం తర్వాత నా డ్యూటీలో, పట్టపగలు, రేడియో స్తంభం కేబుల్ తెగింది. మూడు ముక్కలు. మర్నాడు పొద్దున హాజరు దగ్గర కెప్టెన్ అందరి ముందూ నన్ను నిలబెట్టాడు.

"పదిహేనేళ్ల సర్వీసు అన్నావు. ఫ్యాక్టరీ గేటుకి కూడా పనికిరావు."

ఆ మాట నన్ను పొడిచింది. అతనికి నా పాత ఉద్యోగం గురించి ఎలా తెలుసా అనుకున్నాను. ఫైలులో నేను రాసిందే.

"సర్, ఒక గుహ ఉంది," అన్నాను.

ఎవరూ అడగలేదు. కొట్టలేదు. నేనే చెప్పాను. కెప్టెన్ నా వైపు కుర్చీ జరిపాడు. టీ తెప్పించాడు. నేను తాగాను. ఆ మూలన హారు కుర్చీ ఖాళీగా ఉంది, ఆమె రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఆమె వచ్చాక మామూలుగానే నమస్కారం పెట్టింది. నేనూ పెట్టాను.

అమావాస్య రోజు ఉదయం పదిన్నరకి బయల్దేరాం. పదకొండు ఇరవైకి ఆటు. ఆకాశం తెల్లగా ఉంది, గాలి లేదు. మాట్లాడ్డానికి హారుని కూడా తీసుకొచ్చారు. ఎక్కడికో ఆమెకి చెప్పలేదు. కొండ మలుపు తిరగగానే ఆగిపోయింది. నా వైపు తిరిగి చూసింది. 

గుహ నోరు మనిషి నడుము ఎత్తు. కెప్టెన్ హారు చేత లోపలికి కేక వేయించాడు. ఒక్కొక్కరే వచ్చారు. ముసలివాళ్లు, ఇద్దరు గర్భిణులు. ధాన్యం జాడీలు మోసుకొచ్చారు. బడి హాజరు పట్టీలు తెచ్చారు, గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆయుధం ఒక్కటీ లేదు. పంతొమ్మిది మందిని లెక్కపెట్టాం.

"ఇంకొకరు ఉన్నారు," అంది హారు. "మా అక్క. చెవులు వినపడవు. పిలిస్తే రాదు."

పోటు పెరిగేలోపు గుహ నోరు పేల్చి మూసేయాలి. కెప్టెన్ వాచీ చూసుకున్నాడు. పన్నెండు ఐదు. నన్ను పొమ్మన్నాడు.

వంగి లోపలికి వెళ్లాను. నీళ్లు పిక్కల దాకా, తర్వాత మోకాళ్ల దాకా. చల్లగా కోసేస్తున్నాయి. ఇరవై అడుగుల తర్వాత దారి కుడికి తిరుగుతుంది. అక్కడ ఒక్కసారి అల వచ్చి తొడల దాకా లేచింది. భుజం మీది రేడియో మాట్లాడింది.

"అన్నా, నీళ్లు పెరుగుతున్నయ్. యాడున్నవ్? జల్ది బయటికి రా."

"మలుపు దగ్గర."

"ఎవరన్న కనవడ్డరా?"

 టార్చి ఒకసారి మలుపు అవతలకి వేసి, వెనక్కి తిరిగాను.

బయట కెప్టెన్ అడిగాడు. "చివరిదాకా చూశావా?"

"చూశాను సర్. ఎవరూ లేరు."

హారు నా మాటకి తల ఎత్తింది. నేను చెప్పింది ఇంగ్లీషులోనే. ఆమె కెప్టెన్ దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ పట్టుకుని, అదే మాట మళ్లీ మళ్లీ అంది: ఉంది, లోపల ఉంది. అతను నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పన్నెండు నలభైకి గుహ నోటి దగ్గర మందు పేల్చారు. కొండ అంచు కూలి కిందికి జారింది. దుమ్ము తగ్గేసరికి పోటు బాగా ఎక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు రేడియో ఆపరేటర్ నా పక్కన నడిచాడు.

"నిజంగ సూసినవా అన్నా?"

"సూసిన."

మళ్లీ అడగలేదు. మిగిలిన ఐదు నెలలూ నాతో పని మాటే మాట్లాడాడు.

మరుసటి రోజు ఎనిమిదికి హారు వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుంది. నాలుగు దాకా మా ప్రశ్నలు చెప్పింది, జవాబులు చెప్పింది. నేను గేటు దగ్గర నుంచి కదల్లేదు. మూడు రోజులు అలాగే వచ్చింది. నాలుగో రోజు రాలేదు. ఇంట్లో లేదు, రేవులో లేదు. దీవిలో ఎవరినడిగినా హారు ఎవరన్నారు. ఆ వారం నుంచి చౌకీలో ఏదీ పనిచేయలేదు.

ఉత్తరం ఒడ్డుకి రోజూ జనం వెళ్లేవారు. ఆటు గంటల్లో చేతులతో రాళ్లు తీసేవారు. మమ్మల్ని అటు వెళ్లనివ్వలేదు. ఏం దొరికిందో నాకు తెలియదు. నేను అడగలేదు కూడా.

మేము వచ్చేసిన ఏడాదికే ఆ దేశం దీవిని వదిలేసి వెళ్లిపోయింది. వార్త ఫోన్‌లో చదివాను, సూరత్ అమ్రోలిలో బస్సు కోసం నిలబడి. నాలుగోవాళ్లు కూడా పోయారు.

నాకు ఒక పతకం ఇచ్చారు. దాన్ని చూసి మా ఆవిడ, "ఏం జేసినవని ఇచ్చిండ్రు?" అని అడిగింది. "డ్యూటీ," అన్నాను. రేడియో ఆపరేటర్ గోడాదరాలోనే ఉన్నాడు. ఎదురైతే తల ఊపుతాడు, ఆగడు. జెండా పండగకి మా సొసైటీలో రైల్వేలో రిటైరైన పెద్దాయన ప్రతి ఏడూ మైకు నా చేతికిస్తాడు. "ఆ నింజాల దీవిలో పనిచేశారటగా, నాలుగు మాటలు చెప్పండి." నేను వాన గురించి చెబుతాను. బరువు గురించి, ఎత్తెక్కడం గురించి. చప్పట్లు కొడతారు.

మలుపు దగ్గర టార్చి వేసినప్పుడు ఏం కనిపించిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాతి అరుగు మీద ఒక గిన్నె. దాన్నిండా గంజి. పక్కన చెక్క గరిటె. పంతొమ్మిది మందీ బయటికొచ్చి అప్పటికి నలభై నిమిషాలు దాటింది. గుహలో ఒళ్లు గడ్డకట్టే చలి.

గంజి మీద ఇంకా ఆవిరి లేస్తోంది.